లోవ గార్డెన్స్ నీటి ఊట: భూమికి విలువ కట్టడంలో ఒక విశాఖ వ్యాజ్యం

బ్రిటన్‌లో భూసేకరణ పరిహారాల గురించి వాదించే న్యాయవాదులూ, స్థిరాస్తులకు విలువ కట్టే సర్వేయర్లూ ‘ఇండియన్ కేసు’ అని ఒక వ్యాజ్యాన్ని ప్రస్తావిస్తూ ఉంటారు. దాని అసలు పేరు చాలా పొడవు: రాజా వైరిచర్ల నారాయణ గజపతిరాజు బహదూర్ గారు వర్సెస్ రెవెన్యూ డివిజనల్ ఆఫీసర్, విజగపటం. ‘గారు’ అన్న తెలుగు మాట ఆ పేరుతో పాటే ఇంగ్లీషు న్యాయ నివేదికలలోకి చేరి అక్కడే ఉండిపోయింది. 1939లో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ ఇచ్చిన ఆ తీర్పును కామన్వెల్త్ దేశాల న్యాయస్థానాలు నేటికీ చర్చిస్తూనే ఉన్నాయి.

వివాదం పైకి చిన్నదిగానే కనిపిస్తుంది. విశాఖపట్నం రేవు పక్కన కొండల నడుమ కొంత భూమి, అందులో ఒక నీటి ఊట. ఆ భూమిని ప్రభుత్వం తీసుకుంది. నేలకు వెల కట్టడం అధికారులకు తెలిసిన పనే. ఊట దగ్గర చిక్కు వచ్చింది. ఆ నీటిని పెద్ద ఎత్తున వాడుకోగలిగినది రేవు యాజమాన్యం ఒక్కటే. కొనగలిగినవాడు ఒక్కడే అయినప్పుడు, పైగా బలవంతంగా తీసుకునే అధికారం కూడా అతడి పక్షానే ఉన్నప్పుడు, ఆ వస్తువుకు ధర అంటూ ఒకటి ఉంటుందా? భూమికి విలువ కట్టే వృత్తిలోని కష్టమంతా ఈ ఒక్క ప్రశ్నలో ఉంది.

రేవు, దోమ, లోవ

తూర్పు కోస్తాలో కలకత్తా, మద్రాసుల మధ్య పెద్ద ఓడలు నిలవడానికి అనువైన రేవు చాలాకాలం లేదు. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున ఉన్న ఉప్పుటేరునూ చిత్తడి నేలలనూ తవ్వి, పూడ్చి, బెంగాల్ నాగపూర్ రైల్వే ఆధ్వర్యంలో విశాఖ రేవును నిర్మించారు. 1933 అక్టోబరు 7న అక్కడ నౌకల రాకపోకలు మొదలయ్యాయి. అదే ఏడాది డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు రేవును లాంఛనంగా ప్రారంభించాడు.

చిత్తడి నేలల్లో పని అంటే మలేరియాతో పోరాటమే. దోమకూ మలేరియాకూ ఉన్న సంబంధాన్ని రోనాల్డ్ రాస్ సికిందరాబాదులో కనిపెట్టినది 1897 ఆగస్టులో. అనాఫిలిస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని ఆయన గుర్తించిన తరువాత, మలేరియా నివారణ వైద్యుల చేతిలోంచి సగం ఇంజనీర్ల చేతికి వెళ్లింది. రోగికి క్వినైన్ ఇవ్వడం ఒక్కటే చాలదు. దోమ గుడ్లు పెట్టే నీటిని తొలగించాలి. గుంటలు పూడ్చడం, మురుగు కాలువలు తీయడం, నిలవనీటి మీద నూనె చల్లడం ఆనాటి పద్ధతులు. దోమకు ఆస్తి సరిహద్దులతో పని లేదు. అది ఎగిరి వచ్చేంత దూరంలో చిత్తడి ఉంటే, రేవు గోడల లోపల ఎంత శుభ్రం చేసినా ప్రయోజనం ఉండదు. కాబట్టి ప్రజారోగ్యం పేరిట పక్కవారి భూమి కావలసి వచ్చింది.

అలా కావలసి వచ్చిన భూములలో రేవుకు దక్షిణాన ఉన్న లోవ గార్డెన్స్ ఒకటి. ‘లోవ’ అంటే కొండల మధ్య లోయ. తుని దగ్గరి తలుపులమ్మ లోవ తెలిసినవారికి ఈ మాట కొత్త కాదు. 1920ల చివర మలేరియా నివారణ పనుల కోసం అందులో కొంత భాగాన్ని 1894 నాటి భూసేకరణ చట్టం కింద తీసుకున్నారు. అదే భూమిలో ఎడతెగకుండా మంచినీరు ఇచ్చే ఊట ఉంది. రేవు పెరుగుతోంది. దాని పక్కన పరిశ్రమలు, కార్మికుల నివాసాలు రాబోతున్నాయి. వాటికి తాగునీరు కావాలి. సేకరణకు చెప్పిన కారణం మలేరియా. జమీందారు పరిహారం అడిగినది మాత్రం ఆ నీటికి ఉన్న విలువను కూడా లెక్కలో చేర్చి.

చట్టం ఎవరి చేతికి తూకం ఇచ్చింది?

1894 చట్టం పరిహారానికి మొదటి కొలతగా ‘మార్కెట్ విలువ’ను పెట్టింది. అంటే ఏమిటో నిర్వచించలేదు. మార్కెట్ విలువ మీద నూటికి 15 వంతులు సొలేషియంగా, అంటే ఇష్టం లేకుండా వదులుకుంటున్నందుకు ఊరటగా, చేర్చి ఇవ్వాలని చెప్పింది. పట్టించుకోకూడనివి కూడా పేర్కొంది. ప్రభుత్వానికి ఎంత తొందర ఉన్నదీ, యజమానికి వదులుకోవడం ఎంత ఇష్టం లేనిదీ లెక్కలోకి రావు. సేకరించిన తరువాత పెట్టబోయే ఉపయోగం వల్ల పెరిగే విలువ కూడా రాదు.

విలువ కట్టే పనిని చట్టం కలెక్టరుకు, అంటే ఆచరణలో రెవెన్యూ డివిజనల్ అధికారి వంటి ఉద్యోగికి అప్పగించింది. భూమి తీసుకునేదీ ప్రభుత్వమే, దాని వెల నిర్ణయించేదీ ప్రభుత్వోద్యోగే. దీన్ని పక్షపాతమని ఎవరైనా అనవచ్చు. కలకత్తాకు చెందిన ఎజ్రా కేసులో 1905లో ప్రీవీ కౌన్సిల్ దీనికి ఒక సమాధానం ఇచ్చింది. కలెక్టరు జరిపేది న్యాయవిచారణ కాదు, పాలనాపరమైన విచారణ. ఆయన ప్రకటించే అవార్డు ప్రభుత్వం తరఫున చేసే ప్రతిపాదన మాత్రమే. ఇష్టం లేని యజమాని సివిల్ కోర్టుకు పంపమని కోరవచ్చు. తర్కం సరైనదే. అయితే కోరడానికి గడువు ఉంది, ఖర్చు ఉంది. అభ్యంతరం తెలపకుండా డబ్బు పుచ్చుకుంటే ఆ హక్కే పోతుంది. ఈ సంగతి జమీందారు వకీలుకు తెలుసు. పక్క చేను రైతుకు తెలిసే అవకాశం తక్కువ.

మూడు పద్ధతులు, ఒక ఊట

విలువ కట్టేవారి సంచిలో ప్రధానంగా మూడు పనిముట్లు ఉంటాయి. మొదటిది పోలిక. చుట్టుపక్కల అటువంటి భూమి ఈమధ్య ఎంతకు అమ్ముడైందో చూసి, తేడాలు సరిచేయడం. రోడ్డు పక్కన ఉంటే కొంత కలుపుతారు, లోపల ఉంటే కొంత తగ్గిస్తారు. చిన్న స్థలాల ధరతో పెద్ద విస్తీర్ణాన్ని కొలవవలసి వస్తే రోడ్లకూ కాలువలకూ పోయే వంతు తీసేస్తారు. రెండవది ఆదాయం. భూమి మీద ఏటా మిగిలే నికర రాబడిని తేల్చి, అది ఇన్నేళ్ల రాబడికి సమానమని గుణించడం. ఎన్నేళ్లు అన్నది ఆనాటి వడ్డీరేట్ల మీద ఆధారపడుతుంది. మూడవది వ్యయం. కట్టడాన్ని మళ్లీ కట్టడానికి అయ్యే ఖర్చులోంచి అరుగుదలను మినహాయించడం.

లోవ ఊట ముందు ఈ మూడూ తడబడతాయి. అటువంటి ఊట పక్కనే ఇంకొకటి అమ్ముడై ఉంటే తప్ప పోలిక కుదరదు. దాని నీటిని జమీందారు అప్పటివరకు రేవుకు అమ్మలేదు కాబట్టి లెక్కకు ఆదాయం లేదు. ఊటను ఎవరూ కట్టలేదు కాబట్టి వ్యయం లేదు. మిగిలినది ఊహ. ఈ భూమిని ముందు ముందు దేనికి వాడుకోవచ్చు, అందుకోసం ఇవాళ ఎవరు ఎంత ఇస్తారు? ఇంగ్లీషు న్యాయభాషలో పొటెన్షియాలిటీ అనే దీన్ని తెలుగులో భావి ప్రయోజనం అనవచ్చు.

సబార్డినేట్ జడ్జి ఈ భావి ప్రయోజనానికి వెల ఉందన్నాడు. మద్రాసు హైకోర్టు లేదన్నది. రేవు యాజమాన్యం తప్ప ఆ నీటిని కొనేవారు లేరు కాబట్టి ఊటకు మార్కెట్ లేదు, మార్కెట్ లేనిదానికి మార్కెట్ విలువ ఉండదు అన్నది హైకోర్టు వాదనలోని సారం. పైకి ఇది తిరుగులేని వాదనలా కనిపిస్తుంది. జమీందారు దీన్ని లండన్ వరకు తీసుకువెళ్లాడు.

ఇద్దరు ఊహాపురుషులు

ప్రీవీ కౌన్సిల్ తరఫున తీర్పు చెప్పిన లార్డ్ రోమర్ మొదట అందరూ ఒప్పుకునే సూత్రంతో ప్రారంభించాడు. ఇష్టపడి అమ్మేవాడు, ఇష్టపడి కొనేవాడు కూర్చుని మాట్లాడుకుంటే కుదిరే ధరే మార్కెట్ విలువ. ఇందులో ఇద్దరూ ఊహాపురుషులే. అసలు యజమానికి అమ్మడం ఇష్టం లేదు, అసలు ప్రభుత్వానికి కొనవలసిన అవసరమే లేదు. అయినా విలువ కట్టేవాడు ఆ రెండు నిజాలనూ పక్కన పెట్టి, బలవంతం లేని బేరాన్ని ఊహించుకోవాలి. ఆ బేరంలో భూమిని నేడు వాడుతున్న తీరు ఒక్కటే లెక్కకు రాదు. రేపోమాపో ఇళ్లు లేవబోయే బీడును బీడు ధరకు ఏ యజమానీ ఇవ్వడు. అలాగని ఇళ్లు ఇప్పటికే లేచినట్టు లెక్క కట్టినా తప్పే. కొనేవాడు అవకాశానికి వెల ఇస్తాడు కానీ, అది ఫలించాక వచ్చే మొత్తానికి కాదు.

ఆ తరువాత ఆయన వేలంపాట ఉపమానాన్ని పరీక్షకు పెట్టాడు. అంతకుముందు కొన్ని తీర్పులు మార్కెట్ విలువను వేలంలో పలికే ధరగా ఊహించాయి. ఊట విలువ ఎరిగినవాడు ఒక్కడే ఉన్న వేలంలో మిగతావారు మామూలు భూమి ధర దగ్గర ఆగిపోతారు. ఆ ఒక్కడు ఇంకొక్క పాట పాడితే చాలు, ఊటతో సహా భూమి అతడిదవుతుంది. అంటే ఊటకు దక్కేది ఒక్క పాట తేడా. ఇష్టపడి అమ్మేవాడు కూడా అంత అమాయకంగా అమ్మడని, అతడు అడిగేది అడుగుతాడని, కొనేవాడు కూడా నీరు దొరికితే తనకు కలిగే లాభాన్ని చూసి కొంత ఎక్కువే ఇస్తాడని రోమర్ వాదన. కొనగలవాడు ఒక్కడే కావడం వల్ల విలువను నిర్ణయించడం కష్టమవుతుంది. విలువ లేకుండా మాత్రం పోదు. ఆ ఒక్కడు సేకరించే అధికారం ఉన్న సంస్థే అయినా సూత్రం మారదు. విలువ కట్టేటప్పుడు ఆ సంస్థను అధికారం ఉన్నదానిగా కాక, ఇష్టపడి కొనే ఒక వ్యక్తిగా చూడాలి. జమీందారు అప్పీలు నెగ్గింది.

బలవంతంగా తీసుకోగలిగినవాడికి, ఆ బలం ఉన్నందువల్లనే చవకగా తీసుకునే హక్కు లేదన్నదే ఈ తీర్పులో నిలిచే మాట. న్యాయంగా ఎంత ఇవ్వాలన్న ప్రశ్నకు మాత్రం అది సూత్రం ఇవ్వలేదు. ఇవ్వలేదు కూడా. ఇద్దరు వివేకవంతుల మధ్య స్నేహపూర్వకంగా జరిగే బేరం ఎక్కడ ఆగుతుందో అంచనా వేయమని చెప్పింది. అంచనా అన్న తరువాత దాన్ని వేసే మనిషి నిజాయితీ, స్వతంత్రత ప్రధానమవుతాయి.

విశాఖ నుంచి వేల్స్ దాకా

ఈ తీర్పు కామన్వెల్త్ అంతటా పాకడానికి ఒక కారణం బ్రిటిష్ చట్టంలోనే ఉంది. ఇంగ్లండులో 1845 చట్టం కింద యజమానులకు ఉదారంగా ఇవ్వడం, పైన నూటికి 10 కలపడం ఆనవాయితీగా ఉండేది. మొదటి ప్రపంచయుద్ధం తరువాత ప్రజాధనం మీద భారం తగ్గించడానికి 1919లో కొత్త చట్టం వచ్చింది. ఆ అదనపు పది శాతం పోయింది. ఒక ప్రత్యేక కొనుగోలుదారు అవసరం వల్లనే విలువైన భూమికి ఆ అదనపు విలువను లెక్కించకూడదన్న నియమం చేరింది. భారత చట్టంలో సరిగ్గా ఆ నియమం లేదు. అందువల్ల ఆ ప్రశ్నను మూల సూత్రాల నుంచి తేల్చవలసిన అవసరం విశాఖ కేసులో వచ్చింది. ‘ప్రత్యేక కొనుగోలుదారు’ అన్న మాటలను 1991లో బ్రిటిష్ పార్లమెంటు తొలగించాక ఆ తర్కం అక్కడ మళ్లీ ముందుకు వచ్చింది.

దానికి ఎదురు తర్కం కూడా త్వరలోనే పుట్టింది. ట్రినిడాడ్‌లోని పాయింట్ గోర్డ్ దగ్గర అమెరికన్ నౌకా స్థావరం కోసం ఒక రాతి క్వారీని తీసుకున్నారు. స్థావరం కట్టడానికి రాయి కావాలి కాబట్టి క్వారీ విలువ పెరిగిందన్నారు యజమానులు. ఏ పథకం కోసం భూమి తీసుకుంటున్నారో ఆ పథకమే సృష్టించిన పెరుగుదలకు పరిహారం ఉండదని 1947లో అదే ప్రీవీ కౌన్సిల్ చెప్పింది. అప్పటి నుంచి విలువ కట్టేవారు ఈ రెండు తీర్పుల మధ్య దారి వెతుక్కుంటున్నారు. ఈ విలువ భూమిలో ముందే ఉన్నదా, పథకం తెచ్చిపెట్టినదా?

2004లో వేల్స్‌కు చెందిన వాటర్స్ కేసులో ఈ ప్రశ్న హౌస్ ఆఫ్ లార్డ్స్ ముందుకు వచ్చింది. కార్డిఫ్ అఖాతానికి అడ్డుకట్ట కట్టడంతో పక్షులు మేసే బురద మేటలు మునిగిపోయాయి. వాటికి బదులుగా మరొకచోట పక్షుల ఆశ్రయం ఏర్పాటు చేయడానికి రైతుల భూమి తీసుకున్నారు. ఆశ్రయం తప్పనిసరి కాబట్టి తమ భూమికి ప్రత్యేక విలువ ఉందన్నారు రైతులు. విశాఖ తీర్పును వివరంగా చర్చించిన లార్డ్ నికల్స్, ఆశ్రయం అడ్డుకట్ట పథకంలో అంతర్భాగమే కాబట్టి ఆ విలువ లెక్కకు రాదని నిర్ణయించాడు. పరిహారం చట్టం సామాన్యుడికి అర్థంకానంత జటిలమైపోయిందన్న ఆవేదన కూడా ఆ తీర్పులో ఉంది. 2010లో బొకార్డో కేసులో ఒక ఎస్టేటు అడుగున చాలా లోతులో చమురు బావుల గొట్టాలు వెళ్లినందుకు యజమాని చమురు రాబడిలో వాటా అడిగాడు. బ్రిటిష్ సుప్రీంకోర్టు ముగ్గురు ఇద్దరుగా చీలి, వెయ్యి పౌండ్లు చాలునన్నది. ఒకే సూత్రాలు చదివిన ఐదుగురు న్యాయమూర్తులు అలా విడిపోవడం ఈ ప్రశ్న ఎంత సున్నితమైనదో చూపిస్తుంది.

లండన్ దాకా వెళ్లలేనివారు

విశాఖ తీర్పు న్యాయమైనదే. అయినా దాని లాభం అందుకోవాలంటే యజమానికి సబ్ కోర్టు, హైకోర్టు, ప్రీవీ కౌన్సిల్ మెట్లు ఎక్కే స్తోమత ఉండాలి. తెలుగు నేలమీద ప్రాజెక్టులకూ కాలువలకూ కర్మాగారాలకూ భూములిచ్చిన అసంఖ్యాకులైన రైతులకు అది లేదు. తెలియక అభ్యంతరం చెప్పకుండా డబ్బు తీసుకుని హక్కు కోల్పోయినవారి కోసం 1984లో చట్టాన్ని సవరించారు. పక్క రైతు కోర్టులో ఎక్కువ సాధిస్తే, అదే నోటిఫికేషన్ కింద భూమి ఇచ్చిన మిగతావారు కూడా తిరిగి నిర్ణయించమని అడగవచ్చు. సొలేషియం 15 నుంచి 30 శాతానికి పెరిగింది.

మరో చిక్కు పోలిక పద్ధతిలోనే ఉంది. స్టాంపు డ్యూటీ తగ్గించుకోవడానికి దస్తావేజులో అసలు ధర కన్నా తక్కువ రాయించడం మన ప్రాంతాలలో చాలాకాలంగా ఉన్న అలవాటు. ఊరంతా తక్కువ రాయిస్తే, రేపు ప్రభుత్వం భూమి తీసుకున్నప్పుడు అవే కాగితాలు ఊరంతటికీ ఎదురు సాక్ష్యం చెబుతాయి. రిజిస్ట్రేషన్ శాఖ ఉంచే బేసిక్ వాల్యూ రిజిస్టరును పరిహారానికి ఆధారం చేసుకోకూడదని, అది స్టాంపు రాబడి కోసం తయారైన పట్టిక మాత్రమేనని సుప్రీంకోర్టు 1994లో ఒక ఆదిలాబాద్ కేసులో చెప్పింది. 2013 నాటి కొత్త భూసేకరణ చట్టం స్టాంపు విలువనే ఒక ఆధారంగా తీసుకుని, గత మూడేళ్ల అమ్మకాలలో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటుతో పోల్చి, ఏది ఎక్కువైతే అది తీసుకోమంది. గ్రామీణ భూములకు దాన్ని రెండు రెట్ల వరకు గుణించి, ఆపైన నూటికి నూరు శాతం సొలేషియం కలిపింది. నిపుణుడి అంచనా మీద నమ్మకం సడలినచోట చట్టసభ గుణకాన్ని తెచ్చి పెట్టింది. గుణకం అందరికీ అర్థమవుతుంది. అయితే తక్కువ రాసిన ధరను ఎన్నిరెట్లు చేసినా, లోవలోని ఊటలాంటిది దాని కంటికి కనపడదు.

లోవ వ్యాజ్యంలో ఇంకొక లోటు ఉంది. అంత చర్చలోనూ విలువ అంటే యజమాని విలువే. కౌలు చేసేవారికీ కూలి చేసుకునేవారికీ అక్కడ స్థానం లేదు. పట్టా లేకపోయినా మూడేళ్లుగా ఆ భూమి మీదే బతికిన కౌలుదార్లనూ వ్యవసాయ కూలీలనూ ప్రభావిత కుటుంబాలుగా గుర్తించినది 2013 చట్టమే. భూమి వెల, భూమి మీది బతుకు వెల వేరు వేరన్న సంగతి చట్టానికి ఎక్కడానికి అంత కాలం పట్టింది.

మళ్లీ అదే ప్రశ్న

విలువ కట్టడం వృత్తిగా గట్టిపడిన క్రమం కూడా ఈ చరిత్రతో కలిసే నడిచింది. లండన్‌లో 1868లో మొదలై 1881లో రాజశాసనం పొందిన సర్వేయర్ల సంస్థ నేడు విలువ కట్టడానికి ప్రమాణాలు నిర్దేశిస్తోంది. ఎవరి కోసం విలువ కడుతున్నారో చెప్పడం, ప్రయోజనాల సంఘర్షణను వెల్లడించడం, ఊహలను దాచకుండా రాయడం వాటిలో ముఖ్యమైనవి. భారతదేశంలో 2017 నుంచి కంపెనీల చట్టం కింద జరిగే మదింపులకు రిజిస్టర్డ్ వాల్యుయర్ల వ్యవస్థ వచ్చింది. భూసేకరణలో మాత్రం మొదటి అంకె వేసేది ఇప్పటికీ కలెక్టరే.

ఇంగ్లండులో లోవ ప్రశ్న మరో రూపంలో తిరిగి వచ్చింది. రేపు అనుమతి వస్తుందన్న ఆశతో భూమికి పెరిగే ధరను అక్కడ ‘హోప్ వాల్యూ’ అంటారు. అందుబాటు ధరల ఇళ్లు, ఆసుపత్రులు, బడుల కోసం భూమి సేకరించేటప్పుడు, ప్రజాప్రయోజనం ఉందని తేలితే, ఆ ఆశ విలువను లెక్క నుంచి తీసివేయడానికి 2023 నాటి చట్టం వీలు కల్పించింది. ఆసుపత్రి కట్టడానికి పెట్టే డబ్బు, భూమి యజమాని ఏ శ్రమా పడకుండా పొందే లాభానికి ఎందుకు పోవాలన్నది దాని సమర్థకుల వాదన. పక్కింటివాడు మార్కెట్లో పొందేది, ప్రభుత్వం తీసుకున్నందువల్లనే తనకు ఎందుకు దక్కకూడదన్నది యజమానుల వాదన. 1920ల విశాఖలో మలేరియా నివారణ కూడా ప్రజారోగ్యమే, ఊట కూడా యజమాని తవ్వినది కాదు. రెండు వాదనలకూ అప్పుడూ బలం ఉంది, ఇప్పుడూ ఉంది.

బలవంతపు సేకరణలో ప్రజలకు మేలు జరగవచ్చు. దోమలు తగ్గవచ్చు, ఆసుపత్రి లేవవచ్చు. ఆ మేలు ఖర్చును అందరూ పంచుకోవాలా, భూమి పోగొట్టుకున్న ఒక్కడే మోయాలా అన్నది పరిహారంగా రాసే అంకెతోనే తేలుతుంది. ఆ అంకె వేసేవాడు పోలికలు చూస్తాడు, రాబడి గుణిస్తాడు, మినహాయింపులు వేస్తాడు. వాటన్నిటి తరువాత కూడా అతడు ఇద్దరు ఊహాపురుషులను ఎదురెదురుగా కూర్చోబెట్టి, వారిలో ఏ ఒక్కరి జీతగాడూ కాకుండా వినవలసి ఉంటుంది.